మెట్‌పల్లి నుంచి సిరిసిల్లకు... ఆఖరి సవారీ!

పొద్దున అయిదున్నర. ఫిబ్రవరి చలి ఇంకా తగ్గలేదు. మా వాడకట్టులో అప్పటికి లేచింది ఇద్దరు ముగ్గురమే. షెడ్డు తలుపు తీసి, చోక్ లాగి, తాళం తిప్పాను. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది ఇంజిన్. ఆ చప్పుడుకు మా అవ్వ పళ్లెం పట్టుకుని బయటికొచ్చింది. బానెట్ మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

‘‘అమ్మే బండికి నిమ్మకాయలెందుకవ్వా? అవి కొన్నప్పుడు కదా పెట్టేది’’ అన్నాను.

‘‘ఆడిబిడ్డను తోలిచ్చేటప్పుడు ఒడిబియ్యం పొయ్యమా? ఇదీ గంతే’’ అంది.

ఇక నేనేం మాట్లాడలేదు. గేరు వేశాను. నిమ్మకాయలు చిట్లాయి. ఇది 2022 నాటి సంగతి. ఆ రోజు నేను నడిపింది ఓ పాత స్టాండర్డ్ హెరాల్డ్. ఆరేళ్లు కష్టపడి నా చేతులతో నేనే బాగు చేసుకున్న కారు. వెళ్తున్నది సిరిసిల్లకు... దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి!

స్పోర్ట్స్ కారుకు అన్న
హెరాల్డ్ అంటే ఈతరం పిల్లలకు తెలియకపోవచ్చు. అంబాసిడర్, ఫియట్... ఆ రెండింటి పక్కనా ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన మూడో కారు ఇది. రెండే తలుపులు. వెనక చిన్న రెక్కల్లాంటి అంచులు. గీత గీసింది ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలోటి. బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ తయారు చేసింది. 948 సీసీ ఇంజిన్.

దీని పుట్టుక వెనక ఓ తమాషా ఉంది. బ్రిటన్‌లో ఆ కంపెనీకి కారు బాడీలు చేసిచ్చే సంస్థను పోటీ కంపెనీ కొనేసింది. మొత్తం బాడీ ఒకేచోట చేసిచ్చేవాళ్లు దొరకలేదు. దాంతో కింద విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలు ముక్కలుగా బాడీ... అన్నీ బోల్టులతో బిగించుకునేలా తయారు చేశారు. ఆ ఇబ్బందే తర్వాత నాలాంటి వాళ్లకు వరమైంది. ఒక స్పానర్ల సెట్టూ కాస్త ఓపికా ఉంటే హెరాల్డ్‌ను విప్పి మళ్లీ బిగించవచ్చు. బానెట్, ముందు మడ్‌గార్డులు కలిపి ఒకే ముక్క. ముందుకు వంచితే ఇంజిన్ మొత్తం బయటపడుతుంది. ముందు టైరు మీద కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు!

ఇంకో విశేషం. ఇదే ఛాసిస్‌ను కాస్త పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తయారు చేశారు. దాని రూపశిల్పి కూడా మికెలోటీనే. అందుకే మా స్కూలు పిల్లలు ‘‘సారు స్పోర్ట్స్ కారొచ్చింది’’ అంటుంటే నేను కాదనేవాణ్ని కాదు. ‘‘స్పోర్ట్స్ కారు కాదురా, దానికి అన్న’’ అనేవాణ్ని. పాతికడుగుల జాగా ఉంటే చాలు, గిర్రున తిరిగేస్తుంది. మెట్‌పల్లి పాత బజారు గల్లీల్లో ఆటోవాళ్లు కూడా ఆగి చూసేవారు.

వెనక సీటులో బాపు
మెట్‌పల్లి అనగానే చాలామందికి ఖాదీ గుర్తొస్తుంది. స్వాతంత్య్రానికి ముందునుంచే ఇక్కడ రాట్నం తిరిగింది. ఆ తర్వాత పసుపు. కాకతీయ కాలువ నీళ్లొచ్చాక మా చుట్టుపక్కల ఊళ్లు పచ్చబడ్డాయి. మా రెండెకరాల్లో కూడా పసుపే. ఆ మడిలోనే 1979లో మా బాపును పాము కరిచింది.

రాత్రి ఎనిమిదింటికి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. కోరుట్లలో ఓ డాక్టరు గారుండేవారు. కబురందగానే తన కారు తానే నడుపుకుంటూ వచ్చారు. లేత నీలం రంగు కారు. బాపును వెనక సీటులో పడుకోబెట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడవునా నేను చూసింది రెండే... చీకట్లో వెలుగుతున్న స్పీడు మీటరు, స్టీరింగ్ మీద డాక్టరు గారి చేతులు. బాపు బతికాడు. డాక్టరు గారు పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు.

డాక్టరు గారు పోయాక పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. కారు పెరట్లో చింతచెట్టు కింద ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోయింది. 2013లో ఆ ఇల్లు అమ్ముతున్నారని తెలిసి వెళ్లాను. అప్పటికే పాత సామాన్ల వ్యాపారి కిలోల లెక్కన బేరం చేసి పోయాడట. వెనక సీటులో కోడి గుడ్లు పెట్టింది. బానెట్ ఎత్తితే ఎలుకల గూడు. వాళ్లబ్బాయితో ఫోన్లో మాట్లాడాను. ముప్పై అయిదు వేలకు ఖాయమైంది. ట్రాక్టరు ట్రాలీ మీద ఇంటికి చేరింది. చూసి మా ఆవిడ ఒకే మాటంది. ‘‘దీనికి కోడి కూడా కలిపి ఇచ్చిండ్రా?’’

ఆరేళ్ల ఆదివారాలు
నేను ఫిజిక్స్ చెప్పే టీచర్ని. చదువుకునే రోజుల్లో ఎండాకాలం సెలవులొస్తే మెట్‌పల్లిలోనే ఓ మెకానిక్ షెడ్డులో పని చేసేవాణ్ని. ఆ నాలుగు ముక్కలే నా పెట్టుబడి.

ఇంజిన్ బిగుసుకుపోయింది. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో కిరోసిన్, ఇంజిన్ ఆయిలు కలిపి పోసి పది రోజులు వదిలేశాను. రోజూ స్కూలు నుంచి వచ్చాక స్పానర్‌తో పుల్లీని తిప్పి చూడటం. పదకొండో రోజు ఇంత కదిలింది. ఆ రాత్రి నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు!

విడిభాగాల కోసం హైదరాబాద్ రాణిగంజ్ అంతా తిరిగాను. కొన్ని దొరికాయి. మిగతా వాటికి చెన్నై పుదుప్పేట. పాత బండ్ల సామానుకు అదో సముద్రం. మూడుసార్లు వెళ్లాను. అక్కడో ముసలాయన నా చేతిలోని ముక్క చూసి, ‘‘దీనికి గ్రీజు పెట్టారా?’’ అని గద్దించాడు. ముందు చక్రాలను పట్టుకునే ఇత్తడి ముక్క అది. ట్రనియన్ అంటారు. దానికి గ్రీజు పెట్టకూడదు, గేరు ఆయిలే పోయాలి. గ్రీజు గట్టిపడితే లోపలి ఇనుము అరిగి, నడుస్తుండగానే చక్రం విరిగి పక్కకు పడుతుంది. అదంతా విన్నాక నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే అంతకు ముందు వారమే రెండు పక్కలా గ్రీజు దట్టించి వచ్చాను!

డెంటింగ్, లప్పం, ప్రైమర్... అన్నీ షెడ్డులోనే. రంగు ఒక్కటే బయట వేయించాను. అదే పాత లేత నీలం. దానికి డబ్బు చాలకపోతే మా ఆవిడ గొలుసు బ్యాంకుకు వెళ్లొచ్చింది. సీటు కవర్లకు మెట్‌పల్లి ఖాదీ కొని మా దర్జీతో కుట్టించాను. చేసిన ప్రతి పనినీ రెండు వందల పేజీల నోటుబుక్కులో తేదీతో సహా రాసుకున్నాను. 2019 దసరాకు కారు రోడ్డెక్కింది. ఆయుధపూజ చేసి, మర్నాడు కొండగట్టు అంజన్న దగ్గరికి తీసుకెళ్లి వాహన పూజ చేయించాం.

పాత కారంటే ఇంత పిచ్చేమిటని మీరనుకోవచ్చు. ఈ పిచ్చి మన నేలకు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన 1911లో చనిపోయాక గానీ హైదరాబాద్ చేరలేదు. వెనక సింహాసనం లాంటి సీటున్న ఆ కారు నడిచింది కొన్ని వందల మైళ్లే. దశాబ్దాలు మూలనపడి ఉన్న దాన్ని బాగు చేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. బహదూర్‌పురాలో సుధాకర్ గారి కార్ల మ్యూజియానికి వెళ్తే పిల్లలు బయటికి రానంటారు. వాళ్లకు రాజ్యాలూ మ్యూజియాలూ ఉన్నాయి. నాకున్నది రేకుల షెడ్డు... అంతే తేడా.

జగిత్యాలలో కాగితాలు
అమ్మకానికి ముందు కాగితాలు సరిచూసుకోవడానికి జగిత్యాల వెళ్లాను. కారు కొన్నప్పుడు మా జిల్లా కేంద్రం కరీంనగర్. జగిత్యాల జిల్లా 2016 అక్టోబరులో వచ్చింది. పని పూర్తయ్యేదాకా ఖాళీగా ఉండకుండా కోట చూసొచ్చాను. నక్షత్రం ఆకారంలో, చుట్టూ నీళ్ల కందకంతో ఉంటుంది. అప్పట్లో ఫ్రెంచివాళ్ల సాయంతో కట్టారట. మీరెప్పుడైనా అటు వెళ్తే తప్పక చూడండి.

పాత బండ్లున్నవాళ్లకు పనికొచ్చే ముచ్చట ఒకటి. యజమాని చనిపోతే వారసుల పేరిట మార్చడానికి ఫారం 31, అమ్మితే 29, 30 కావాలి. 2021 జులైలో కేంద్రం యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజ్’ నిబంధనలు తెచ్చింది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఫీజు ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. కాకపోతే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ మాత్రమే తీయాలి. నేను రోజూ స్కూలుకు వెళ్లే మనిషిని కాబట్టి పాత రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకున్నాను.

భూమా... బండా?
ఇంత ప్రేమ ఉన్నవాడివి ఎందుకమ్మావు అంటారా? మా తమ్ముడు తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో పనిచేశాడు. మా వైపు ప్రతి వాడకట్టులో అలాంటి తమ్ముడు ఒకడుంటాడు. 2020లో కరోనా వచ్చాక వాడి కంపెనీ మూతపడింది. ఏడు నెలల జీతం రాలేదు. ఒక సంచితో దిగాడు. వీసాకూ ఇంటికీ చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీతో పెరిగి పెరిగి నాలుగు లక్షల ఎనభై వేలకు వచ్చింది.

బాపు అరెకరం అమ్ముదామన్నాడు. పసుపు ధర సంగతి మీకు తెలుసు. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం 2019 ఎన్నికల్లో మా నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో రైతులే పోటీకి దిగారు. అభ్యర్థులు ఏకంగా 185 మంది! బోర్డు చివరికి 2025 జనవరిలో మొదలైంది. మేం లెక్కలు వేసుకుంటున్నప్పుడు మాత్రం అదింకా మాటే. మా పక్కనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు పెట్టే దారి కూడా లేదు. అయినా బాపు ఆ మట్టిని ఎన్నడూ తిట్టలేదు. అలాంటి మనిషి ‘అమ్ముదాం’ అన్నాడంటే లోపల ఎంత నలిగాడో!

ఆ రాత్రి నిద్రపట్టలేదు. భూమి పోతే మళ్లీ కొనలేం. కారు పోతే... అదీ మళ్లీ దొరకదు. కానీ కారుకు అన్నం పండదు కదా. పొద్దున్నే చెప్పాను. తమ్ముడు తల ఎత్తలేదు. ‘‘నా అప్పుకు నీ బండెందుకన్నా’’ అన్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. ఆమె గొలుసు కూడా ఉంది కదా ఆ రంగులో!

కొనడానికి ఇద్దరొచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చినాయన అయిదు లక్షల పదివేలు ఇస్తానన్నాడు. కారు చుట్టూ తిరిగి, ‘‘పైకప్పు బోల్టులే కదా, తీసేద్దాం. ఎర్ర రంగు, కొత్త ఇంజిన్... అసలైన స్పోర్ట్స్ కారు చేద్దాం’’ అన్నాడు. ఆయన డబ్బు, ఆయన ఇష్టం. తప్పనను. రెండో ఆయన సిరిసిల్ల. బట్టల వ్యాపారం. వాళ్ల నాన్న సాంచాలు నడిపేవాడట. నాలుగున్నర లక్షలన్నాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. ‘‘మూడో సిలిండర్ జర ఎనుకకున్నట్టుంది సార్’’ అన్నాడు. నిజమే. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అరవై వేలు తక్కువ. అప్పుకు ఇంకా ముప్పై వేలు కావాలి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. అందరికంటే ముందు మా ఆవిడే అంది. ‘‘ఆ ముప్పై వేలు జీతంల కట్టుకుందాం. పైకప్పు తీసే ఆయనకు వద్దు.’’

దారి పొడవునా...
అలా బయల్దేరాం ఆ పొద్దున. వెనక సీటులో బాపు. ఎనభై ఒకటో ఏడు. వద్దన్నా వినలేదు. ముందు రాత్రి కారు కడిగి తుడిచిన తమ్ముడు మాత్రం గేటు దగ్గరే ఉండిపోయాడు.

కోరుట్లలో డాక్టరు గారి ఇల్లున్న వీధిలోంచి తిప్పాను. ఇప్పుడక్కడ మూడంతస్తుల భవనం. చింతచెట్టు లేదు. బాపు చేతులు జోడించాడు. అక్కణ్నుంచి కథలాపూర్ దారి. తెల్లారేసరికి రోడ్డుకు రెండు పక్కలా పసుపు పొలాలు. కొన్నిచోట్ల ఆకు కోసేశారు, కొన్నిచోట్ల కొమ్ములు తవ్వుతున్నారు. ఉడకబెట్టిన పసుపు వాసన అద్దాల్లోంచి లోపలికొచ్చింది. రుద్రంగి దగ్గర గుట్టలు మొదలయ్యాయి. ఎక్కుడు దగ్గర మూడో గేరు నుంచి రెండుకు దించాను. హెరాల్డ్ మొదటి గేరుకు సింక్రోమెష్ ఉండదు. పూర్తిగా ఆగితే గానీ పడదు. తొందరపడితే గర్రుమంటుంది. నా ఆత్రాన్ని కొంత తగ్గించింది ఆ గేరే!

వేములవాడలో ఆగాం. రాజన్న గుడి ముందు కోడెలతో భక్తులు బారులు తీరారు. ఈ ఊరికి వెయ్యేళ్ల చరిత్ర. వేములవాడ చాళుక్యుల కొలువులోనే కన్నడ ఆదికవి పంపడు ఉన్నాడు. కోడె మొక్కంటే కోడెను తెచ్చి, గుడి చుట్టూ తిప్పి, కట్టేసి వెళ్లడం. బాపు ఆ కోడెలను చూస్తూ, ‘‘తెచ్చినోడు ఎనుకకు సూడకుంట పోతడు సూడు’’ అన్నాడు. నాకెందుకన్నాడో తెలుసు.

గుడి బయట చాయ్ తాగుతుంటే కారు చుట్టూ జనం. ‘ఏం మోడలు? ఎంత ఇస్తది లీటరుకు?’ పెట్రోలు నూట ఎనిమిది దాటిన రోజులవి. ఓ కుర్రాడు ‘‘అమ్ముతరా సార్?’’ అన్నాడు. ‘‘అమ్మిన’’ అన్నాను. ఆ మాట గట్టిగా అనడం అదే మొదటిసారి.

సాంచాల ఊరు
సిరిసిల్ల వస్తోందంటే కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. టకటక, టకటక... మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. నేతన్నల ఆత్మహత్యలతో ఒకప్పుడు వార్తల్లో నలిగిన ఊరు. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్లతో ఊపిరి పీల్చుకుంది. పనిలేని కాలంలో సాంచాలను పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నవాళ్లు ఇక్కడ చాలామంది.

కొన్నాయన ఇంటి ముందు ముగ్గేసి ఉంది. వాళ్లమ్మ హారతి పట్టుకుని నిలబడింది. లోపల కూర్చోబెట్టి సర్వపిండి, చాయ్ ఇచ్చారు. కాగితాల మీద సంతకాలయ్యాయి. డబ్బు బ్యాంకులో పడ్డట్టు ఫోన్ మోగింది. నేను నోటుబుక్కు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏ లోపమూ దాచలేదు. మూడో సిలిండరు, వాన పడితే ఎడమ తలుపు దగ్గర కారే చుక్క, ట్రనియన్లకు పోయాల్సిన ఆయిలు... అదొక్కటి ఎర్ర సిరాతో రాశాను.

ఆయన పేజీలు తిప్పి అన్నాడు. ‘‘మా నాయిన తన సాంచాలు తూకానికి అమ్మిన రోజు నేను పక్కనే ఉన్న సార్. ఒక్కటన్న ఉంచుకుందుము అన్న. జాగ లేదన్నడు. ఇది తూకానికి పోదు. నాది జిమ్మ.’’

బాపు అప్పటిదాకా కారు దిగలేదు. వెళ్లి తలుపు తీశాను. ‘‘గా రాత్రి గీ సీట్లనే పండుకున్న. పైకప్పుకు చిన్న బల్బు ఉండె. అది ఆరిపోతే సచ్చిపోయినట్టే అనుకున్న’’ అన్నాడు. ఆ బల్బు గురించి నలభై మూడేళ్లలో నాకెన్నడూ చెప్పలేదు. బాగు చేసేటప్పుడు దాన్ని మార్చిందీ నేనే. వెలుగుతోందో లేదో చూసి, ఆ పని కూడా నోటుబుక్కులో రాశాను. మళ్లీ ఒకసారి వేసి చూపించాను. పట్టపగలు. అయినా కనిపించింది. బాపు దిగాడు.

బస్సు దాకా ఆయన మమ్మల్ని కారులోనే దింపుతానన్నాడు. వద్దన్నాను. నడిచి బస్టాండుకు వెళ్లి కోరుట్ల బస్సెక్కాం. కిటికీ పక్కన బాపు. లెక్కలు వేయడం నాకలవాటు. కొన్నదీ పెట్టిందీ కలిపి రెండు లక్షల తొంభై అయిదు వేలు. మిగిలింది లక్షా యాభై అయిదు వేలు. ఆరేళ్ల ఆదివారాలు సుమారు మూడు వందలు. అంటే ఆదివారానికి అయిదు వందల పైన కూలి. ‘‘మంచి కూలే పడ్డది’’ అంటే బాపు నవ్వాడు.

ఆ నెలలోనే అప్పు తీరింది. తమ్ముడు మళ్లీ గల్ఫ్‌కు పోలేదు. ఆ అరెకరంతో కలిపి రెండెకరాలూ వాడే చూసుకుంటున్నాడు. సిరిసిల్ల ఆయన అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. మూడో సిలిండరు పని అయిపోయిందట. నోటుబుక్కులో పేజీలు అయిపోతే కొత్తది కుట్టించాడట.

షెడ్డులో ఇప్పుడు పసుపు బస్తాలున్నాయి. నేల మధ్యలో నల్లటి నూనె మరక ఒకటి అలాగే ఉంది. పండక్కి అవ్వ అక్కడ ముగ్గేస్తే ఆ మరక దగ్గర మాత్రం పిండి అంటుకోదు. ‘‘కడుగుదామా?’’ అని అడిగింది మా ఆవిడ. వద్దన్నాను.